బయ్యారం నుండి ఫస్ట్ లాన్సర్ వరకు

మా బయ్యారం వచ్చిన బంధువులకు మేము ముందుగా చూపించేది పెద్ద చెరువు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో కట్టించిన చెరువిది. దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. అక్కడ వేయించిన శాసనంలో ఆమె తన పుట్టింటివారి వంశక్రమాన్ని రాయించింది. కాకతీయుల పూర్వీకులెవరో తెలుసుకోవడానికి ఆ రాయి చరిత్రకారులకు ఎంతో ఉపయోగపడింది. చెరువు కింద పొలాలు నేటికీ పండుతున్నాయి.

చెరువు తరువాత చూపించేవి ఎర్రని గుట్టలు. వాటిలో ఇనుప రాయి ఉంది. మా మండలం 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లాలో చేరకముందు ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలు పరిశీలించాలని 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంలో రాశారు. కర్మాగారం మాత్రం రాలేదు. పుస్తకంలోకి ఎక్కిన మాట పుస్తకంలోనే ఉండిపోవడం అంటే ఏమిటో మా ఊరివారికి ఎవరూ వివరించనక్కరలేదు.

బంధువులకు మేము చూపించనిది మరొకటి ఉంది. పటాలంలో పని చేసి, ఒంటిమీద గాయంతో ఇంటికి తిరిగి వచ్చిన మనుషులు. వారిని గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా సంఘంలో అటువంటి సహోదరుడు ఒకరు ఉన్నారు. పేరు రాయవద్దన్నారు గనుక రాయడం లేదు. తండాలో పుట్టిన బిడ్డ. కాశ్మీరు సరిహద్దులో మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కిందికి పోయింది. కృత్రిమ కాలు పెట్టుకొని నడుస్తారు. ఆదివారం అందరికంటె ముందు వచ్చి చివరి వరుసలో గోడపక్కన చాపమీద కూర్చుంటారు. ఆశీర్వాదం అయ్యాక అందరూ బయటికి వెళ్లేదాకా కదలరు. కింద కూర్చున్న మనిషి ఆ కాలితో లేవాలంటే గోడ పట్టుకొని, ఒక్క మోకాలిమీద బరువు వేసి లేవాలి. అది నలుగురూ చూడడం ఆయనకు ఇష్టం లేదు. కుర్చీ వేస్తామంటే, "నా ఒక్కడికే ఎందుకు అయ్యగారూ, వద్దు" అంటారు.

కొత్త కాలు కొలతలకు ఆయన సికింద్రాబాదు వెళ్లవలసి వచ్చినప్పుడు తోడుగా నేనూ వెళ్లాను.

డోర్నకల్ నుండి రైలు

మేము డోర్నకల్‌లో రైలు ఎక్కాము. బండికి వ్యవధి ఉండడంతో ఎపిఫనీ కతీడ్రల్‌కు వెళ్లి ప్రార్థన చేసుకొన్నాము. 1912లో భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారు కట్టించిన దేవాలయమది. 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుడి, మసీదు, చర్చి మూడింటి పోలికలూ దాని స్తంభాలలోనూ గోపురాలలోనూ కనిపిస్తాయి. 1945 జనవరి 1న నిద్రించిన అజరయ్య గారి సమాధి కూడా డోర్నకల్‌లోనే ఉంది.

రైలులో మహబూబాబాద్, కేసముద్రం, నెక్కొండ దాటేదాకా మా సహోదరుడు మాట్లాడలేదు. వరంగల్లు వచ్చాక టీ తాగుతూ నవ్వి ఒక మాట చెప్పారు. "మా తండాలో అందరమూ నాయక్‌లమే అయ్యగారూ. పుట్టగానే నాయక్‌నే. పటాలంలో మాత్రం నాయక్ కావడానికి నాకు పదేళ్లు పట్టింది." ఆ హోదా వచ్చిన మరుసటి ఏడే కాలు పోయిందట.

జనగామ దాటాక ఇంకో సంగతి చెప్పారు. ఢిల్లీలో పని చేసిన రోజుల్లో తీన్‌మూర్తి కూడలిలో ఈటెలు పట్టిన ముగ్గురు సైనికుల విగ్రహాలు చూశారట. వారు గుర్రపు దళాలవారు. ఒకరు జోధ్‌పూరుకు, ఒకరు మైసూరుకు, ఒకరు మన హైదరాబాదుకు గుర్తు. "ఆ హైదరాబాదు రౌతుల చోటు మాసాబ్ ట్యాంక్ దగ్గరే ఉందట. ఆసుపత్రి పని అయ్యాక ఒక్కసారి చూద్దామా?" అని అడిగారు. అడగక అడగక అడిగిన కోరిక అది. కాదనలేదు.

రౌతులు పోయిన వీధి

ఆ బస్తీ పేరు ఫస్ట్ లాన్సర్. లాన్సర్ అంటే ఈటె పట్టిన రౌతు. దానికి దగ్గరలోనే ఎ.సి. గార్డ్స్ అనే మరో బస్తీ ఉంది. ఎ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీ, అనగా నిజాము కొలువులో గుర్రపు దళంగా పని చేసిన ఆఫ్రికా సంతతివారు. ఇప్పుడు ఆ వీధులలో ఇళ్లు, కిరాణా కొట్లు, స్కూటర్లు బాగుచేసే షెడ్లు ఉన్నాయి. రౌతులు పోయారు, గుర్రాలు పోయాయి, పేర్లు మిగిలాయి. బస్సు కండక్టరు రోజూ ఆ పేరు పిలుస్తాడు గాని, ఎక్కేవారిలో దిగేవారిలో దాని సంగతి తలచుకొనేవారు ఎందరు?

ఒక అరుగుమీద కూర్చొని మా సహోదరునికి నాకు తెలిసింది చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైనప్పుడు హైదరాబాదు, మైసూరు గుర్రపు దళాలు ఒకే బ్రిగేడులో ఈజిప్టుకు వెళ్లాయి. సూయజు కాలువకు కాపలా కాశాయి. తరువాత పాలస్తీనాలో ప్రవేశించాయి. 1918 సెప్టెంబరు 23న ఆ బ్రిగేడులోని జోధ్‌పూరు, మైసూరు రౌతులు హైఫా పట్టణంమీదికి గుర్రాలతో దూకి, తుపాకుల ఎదుట దానిని పట్టుకున్నారు.

హైఫా ఎక్కడుందో మన బైబిలు చదివేవారికి సులభంగా తెలుస్తుంది. అది కర్మెలు పర్వతపు పాదాల దగ్గర ఉంది. దాని పక్కనే కీషోను ఏరు సముద్రంలో కలుస్తుంది. ఏలీయా బలిపీఠము కట్టిన కర్మెలు అదే. దెబోరా, బారాకుల కాలంలో సీసెరా సైన్యమును కొట్టుకొనిపోయిన కీషోను అదే. ఆ రోజు జోధ్‌పూరువారి గుర్రాలు కూడా ఆ ఏటి ఒడ్డు బురదలో దిగబడిపోతే రౌతులు దారి మళ్లించుకొన్నారు. ఆదివారపు బడిలో పిల్లలకు పటములో చూపించే చోట్లలో మన దేశపు రైతుబిడ్డలు గుర్రాలమీద తిరిగారని తెలిసినప్పుడు ఆ పటము వేరుగా కనిపిస్తుంది.

వారి జ్ఞాపకార్థం ఢిల్లీలో ఆ మూడు విగ్రహాలను 1922లో నిలబెట్టారు. 2018లో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు.

గుర్రాలను మాత్రం చాలాకాలం ఎవరూ తలచుకోలేదు. యుద్ధం ముగిశాక బ్రిటిషు సైన్యం వేలాది గుర్రాలను ఈజిప్టులోనే అమ్మివేసింది. 1930లో కైరోకు వచ్చిన డొరతీ బ్రూక్ అనే ఇంగ్లీషు స్త్రీ, ఎముకలు తేలి బండ్లు లాగుతున్న ఆ ముసలి గుర్రాలను గుర్తుపట్టింది. పత్రికకు ఉత్తరం రాసి, చందాలు పోగుచేసి, వాటిని కొని సేదదీర్చింది. 1934లో కైరోలో వాటికోసం ఆసుపత్రి పెట్టింది.

"ఇది నా కాలు చూడలేదు"

తిరిగి వస్తూ ఒక సందులో తెల్లగుర్రం కట్టివేసి ఉండడం చూశాము. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే గుర్రమది. యజమాని పెద్దాయన నీళ్లు పెడుతున్నారు. మా సహోదరుడు ఆగి, దగ్గరకు వెళ్లవచ్చా అని అడిగారు. "ఎదురుగా రాకు బాబూ, పక్కనుండి రా. చెయ్యి వాసన చూడనియ్యి" అన్నారాయన.

గుర్రం చెవులు ముందుకు పెట్టి ఆయన చేతిని వాసన చూసింది. తరువాత తల దించి ఆయన భుజానికి ఆనించింది. ఆయన దాని మెడమీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. నేను ఎన్నడూ చూడనంత నిటారుగా నిలబడ్డారు. చివరికి మెల్లగా అన్నారు: "అయ్యగారూ, నన్ను చూసినవాళ్లు ముందు నా కాలు చూస్తారు, తరువాత ముఖం చూస్తారు. ఇది నా కాలు చూడలేదు."

ఎక్కవచ్చా అని అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు. "ఇది డప్పులకు అలవాటుపడ్డ గుర్రం. నీ కాలు రికాబులో ఇరుక్కుంటే నేనేం జవాబు చెప్పేది?" అన్నారు. ఆ మాట సరైనదే. ఎందుకో చెబుతాను.

గుర్రం చేసే వైద్యం

గాయపడినవారికి గుర్రపు స్వారీతో చికిత్స చేసే పద్ధతి కొన్ని దేశాలలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒక ఆసుపత్రిలో స్వారీ చేయించారు. డెన్మార్కులో లిస్ హార్టెల్ అనే స్త్రీకి 1944లో పోలియో సోకి మోకాళ్ల కింద స్వాధీనం పోయింది. ఎవరో ఎత్తి కూర్చోబెడితే తప్ప గుర్రం ఎక్కలేని ఆమె, 1952 హెల్సింకీ ఒలింపిక్సులో గుర్రపు స్వారీలో వెండి పతకం గెలిచింది. 1956లోనూ గెలిచింది. ఆ తరువాత వికలాంగులకు స్వారీ నేర్పే కేంద్రాలు ఐరోపాలోనూ అమెరికాలోనూ పెరిగాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకు వెనుకకు, పక్కలకు, పైకి కిందికి కదులుతుంది. దానిమీద కూర్చున్నవాని నడుము కూడా, మనిషి తన కాళ్లమీద నడిచినప్పుడు కదిలినట్టే కదులుతుంది. నడక మరచిన కండరాలకు అది నడకను గుర్తుచేస్తుంది. పడిపోకుండా సర్దుకోవడంలో వెన్ను, పొట్ట కండరాలు బలపడతాయి. గుర్రం ఒంటి వేడి సుమారు 38 డిగ్రీలు, మనకంటె ఒక డిగ్రీ ఎక్కువ. ఆ వెచ్చదనానికి బిగిసిన కండరాలు సడలుతాయి.

మనసు గాయం సంగతి వేరు. యుద్ధం చూసినవారిలో కొందరు ఇంటికి వచ్చాక కూడా రాత్రులు ఉలిక్కిపడి లేస్తారు. టపాకాయ పేలితే చెమటలు పడతాయి. గుంపులో వీపు గోడకు ఆనించి కూర్చుంటారు. దానిని వైద్యులు జబ్బుగానే గుర్తించారు, పిరికితనంగా కాదు. గుర్రం కూడా అటువంటి ప్రాణియే. క్రూరమృగానికి ఆహారమయ్యే జంతువు గనుక ఎప్పుడూ చెవులు నిక్కించి ఉంటుంది. దగ్గరకు వచ్చిన మనిషి కోపంగా ఉన్నాడా, బెదిరి ఉన్నాడా అన్నది అతని నడకను బట్టి కనిపెడుతుంది. "రౌతు కొద్దీ గుర్రం" అని మన పెద్దలు ఊరకే అనలేదు. దానిని నెమ్మదిపరచాలంటే ముందు తాను నెమ్మదించాలి. అలా దానికి నేర్పుతూ మనిషి తానే నేర్చుకొంటాడు.

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వైద్యులు 2021లో ఒక పరిశీలన ప్రచురించారు. 63 మంది మాజీ సైనికులు 8 వారాలు, వారానికి గంటన్నర చొప్పున గుర్రాలతో గడిపారు. స్వారీ చేయలేదు, పక్కన నిలబడి మచ్చిక చేసుకొన్నారు, నడిపించారు. మూడు నెలల తరువాత చూస్తే సుమారు సగం మందికి చెప్పుకోదగిన మేలు కలిగింది. ఈ చికిత్స పొందనివారిని పక్కన పెట్టి పోల్చలేదు గనుక దానిని తుది తీర్పు అనకూడదు.

అమెరికాలోనే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో మరణించిన సైనికుల శవపేటికలను బండిమీద లాగే గుర్రాలున్నాయి. 2006లో అక్కడివారు ఆ గుర్రాలమీదనే గాయపడిన సైనికులను ఎక్కించడం మొదలుపెట్టారు. చనిపోయినవారిని మోసిన గుర్రం బ్రతికి వచ్చినవారినీ మోసింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అయితే ఈ చికిత్సకు వైద్యుని అనుమతి కావాలి, శిక్షణ పొందిన సాధుగుర్రం కావాలి, తలకు హెల్మెట్ కావాలి, ఎక్కడానికి ఎత్తైన మెట్టు కావాలి. ఒకరు కళ్లెం పట్టుకొని ముందు నడుస్తారు. స్థిమితంగా కూర్చోలేనివారికి ఇరువైపులా ఇద్దరు నడుస్తారు. గుర్రంమీద ఒక్కరుంటే కింద ముగ్గురు నడవాలి. ఈ లెక్కను ప్రియ పాఠకులు గుర్తుంచుకోవాలి.

మొర్దెకై ఎక్కిన గుర్రము

ఎస్తేరు గ్రంథములో మొర్దెకై రాజు ప్రాణము కాపాడాడు. ఆ సంగతి రాజ్యపు దినవృత్తాంతముల గ్రంథములో రాశారు. అంతటితో మరచిపోయారు. ఒక రాత్రి రాజుకు నిద్ర పట్టక ఆ గ్రంథము చదివించుకొన్నాడు. ఇతనికి ఏ ఘనత చేశామని అడిగితే ఏమీ చేయలేదని జవాబు వచ్చింది. అప్పుడు రాజు ఎక్కే గుర్రముమీద మొర్దెకైని ఎక్కించి పట్టణపు వీధిలో నడిపించారు (ఎస్తేరు 6వ అధ్యాయము).

మన దేశంలోనూ అటువంటి చరిత్ర ఉంది. మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో ఇ.ఎం.ఇ. దళానికి చెందిన జవాను. సికింద్రాబాదులో ఆ దళం తరపున బాక్సింగ్ చేసిన మనిషి. 1965 యుద్ధంలో గుండ్లు తగిలి నడుము కింద స్వాధీనం పోయింది. ఈత నేర్చి, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్సులో 50 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచారు. పారాలింపిక్సులో మన దేశానికి అది మొదటి బంగారు పతకం. పద్మశ్రీ వచ్చింది 2018లో. మధ్యలో 46 ఏళ్లు. గ్రంథములో పేరు ఉంది, చదివించుకొన్నవారు లేరు.

సైన్యము తనవారిని పూర్తిగా వదిలివేసిందని నేననడం లేదు. వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కొరకు పూణే దగ్గర ఖడ్కీలో 1974లోను, మొహాలీలో 1978లోను పునరావాస కేంద్రాలు ఏర్పడ్డాయి. విధి నిర్వహణలో వికలాంగులైన సైనికుల సంవత్సరంగా 2018ని సైన్యము ప్రకటించింది. కాని మనిషి ఆసుపత్రిలో కొన్ని నెలలే ఉంటాడు. మిగతా జీవితమంతా మన ఊళ్లో, మన వీధిలో, మన సంఘములో ఉంటాడు.

యోనాతాను కుమారుడు మెఫీబోషెతును తలచుకొనండి. తండ్రీ తాతా యుద్ధంలో కూలిన వార్త వచ్చినప్పుడు దాది అతనిని ఎత్తుకొని పారిపోతుంటే పడి కుంటివాడయ్యాడు. యుద్ధభూమి చూడకుండానే యుద్ధపు గాయము తగిలినవాడు. దావీదు అతనికి భోజనము ఇంటికి పంపలేదు, తన బల్లయొద్దనే కూర్చోబెట్టుకొన్నాడు. తరువాత దావీదు పట్టణము విడిచి వెళ్లినప్పుడు, గాడిద ఎక్కి వెంట వెళ్లాలని మెఫీబోషెతు అనుకొన్నాడు. పనివాడు మోసము చేయడంతో ఉండిపోయాడు (2 సమూయేలు 19). జీను వేసి ఎక్కించేవారు లేకపోతే కుంటివాని నమ్మకత్వము కూడా లోకానికి ద్రోహముగా కనిపిస్తుంది.

మంచి సమరయుడు గాయపడినవానిని తన వాహనముమీద ఎక్కించుకొన్నాడని లూకా 10వ అధ్యాయములో చదువుతాము. ఉన్నది ఒక్క వాహనము. అంటే తాను నడిచాడన్నమాట. ఘనత అంటే ఒకరు ఎక్కడం మాత్రమే కాదు, ఇంకొకరు దిగి పక్కన నడవడం కూడా.

మనము చేయగలిగినది

మా సంఘ పెద్దలు కూర్చొని మాట్లాడుకొన్నారు. గోడపక్కన పొడుగాటి ఎత్తు బల్ల ఒకటి చేయించారు. మోకాళ్ల నొప్పులున్న అవ్వలు, తాతలు, నెలలు నిండిన స్త్రీలు దానిమీద కూర్చుంటారు. తన ఒక్కనికే వేసినది కాదు గనుక మా సహోదరుడు కూడా కూర్చుంటున్నారు. ఆశీర్వాదం కాగానే అందరితోపాటు లేచి బయటికి వస్తున్నారు. చూడడానికి ఇది చిన్న సంగతి. ఆయన ఇల్లాలు మాత్రం బల్ల చేసిన వడ్రంగికి కోడిని పట్టుకెళ్లి ఇచ్చింది.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినము. 1949 నుండి దేశమంతటా జరుపుతున్నారు. ఆ దినానికి దగ్గరి ఆదివారమున మీ ఊరిలో పటాలమునుండి తిరిగి వచ్చినవారిని, వారి ఇంటివారిని ఆరాధనకు పిలవండి. వారు మన సంఘస్థులు కానక్కరలేదు, క్రైస్తవులు కానక్కరలేదు. గాయము ఎలా తగిలిందని అడగకండి. చెప్పాలనిపిస్తే వారే చెబుతారు. ఎక్కడ పని చేశారు, ఏ పని నేర్చుకొన్నారు, మా పిల్లలకు ఏమి చెబుతారు అని అడగండి. వికలాంగ ఫించను కాగితాలు తెలియని వితంతువులు ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లండి. 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకములో చేరారో లేదో కనుక్కోండి. రాత్రులు నిద్ర లేక, మద్యములో మరుపు వెదుకుతున్నవాడు ఉంటే అతనిని దూషించక వైద్యునియొద్దకు తీసుకొని వెళ్లండి. ప్రార్థన చేయండి, మాత్రలు కూడా వేయించండి.

మన పల్లెలలో స్వారీ చికిత్స కేంద్రాలు లేవు. ఎక్కించడానికి మన దగ్గర గుర్రము లేదు. పక్కన నడిచే ముగ్గురు మాత్రం ప్రతి సంఘములో దొరుకుతారు. గాయపడినవానిని చూచి పక్కగా పోక, దగ్గరకు వెళ్లే మనస్సు ప్రభువు మన కుటుంబములకన్నిటికి దయచేయును గాక. ఆమేన్.